సాహిత్య పాఠం – చారిత్రక నేపథ్యం

అమెరికా దక్షిణ ప్రాంతంలోని మిసిసిపీ రాష్ట్రంలో ఒక పల్లెటూరి బడి. కాలం 1933. నల్లజాతి పిల్లలు మాత్రమే చదివే ఆ బడిలో ఉపాధ్యాయిని పాఠ్యపుస్తకాలు పంచిపెడుతూ ఉంటుంది. శుభ్రత అంటే ప్రాణం పెట్టే ఆరేళ్ల పిల్లవాడొకడు ఎంతో ఆశతో చేయి చాచి పుస్తకం అందుకుంటాడు. అట్ట నలిగి, పుటలు మాసిన ఆ పుస్తకాన్ని చూసి, మరొకటి ఇమ్మని వినయంగా అడుగుతాడు. ఉపాధ్యాయిని గద్దిస్తుంది. పిల్లవాడు పుస్తకం తెరచి లోపలి అట్ట మీద అతికించిన పట్టికను చదువుతాడు. ఆ పుస్తకాన్ని ఏ సంవత్సరంలో ఇచ్చారు, అప్పటికి దాని స్థితి ఎలా ఉంది, తీసుకున్న విద్యార్థి ఏ జాతికి చెందినవాడు అన్న వివరాలు అందులో వరుసగా నమోదై ఉంటాయి. తెల్లవారి పిల్లలు ఏళ్ల తరబడి వాడి, ఇక పనికిరాదనుకున్న తరువాతనే అది నల్లపిల్లల బడికి చేరింది. ఆ సంగతి గ్రహించిన పిల్లవాడు పుస్తకాన్ని నేలకు విసరి కాళ్లతో తొక్కుతాడు.

మిల్డ్రెడ్ టేలర్ రచించిన ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’ అనే నవల తొలి అధ్యాయంలో వచ్చే సన్నివేశమిది. 1976లో వెలువడిన ఈ నవలకు 1977లో న్యూబెరీ పతకం లభించింది. అమెరికాలో బాలసాహిత్యానికి ఇచ్చే పురస్కారాలలో ఇది మిక్కిలి పేరుగన్నది. అక్కడి మిడిల్ స్కూళ్లలో, అంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో, ఆంగ్ల పాఠంగా ఈ నవలను విరివిగా చదివిస్తారు. పన్నెండేళ్ల విద్యార్థి ఏ పూర్వజ్ఞానమూ లేకుండా ఈ సన్నివేశం చదివితే ఏమనుకుంటాడు? పాత పుస్తకం ఇచ్చారని అలిగిన పెంకి పిల్లవాడి కథ అనుకుంటాడు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు ప్లెసీ – ఫెర్గూసన్ వ్యాజ్యంలో, సౌకర్యాలు సమానంగా ఉంటే రెండు జాతులను వేరువేరుగా ఉంచడం తప్పు కాదని తీర్పు చెప్పింది. 1954 మే 17న బ్రౌన్ వ్యాజ్యంలో మరొక తీర్పు వచ్చేవరకు బడుల విషయంలో ఆ సూత్రమే చెల్లుబాటైంది. ఈ రెండు తేదీలు తెలిసిన విద్యార్థికి అదే సన్నివేశం మరొక విధంగా అర్థమవుతుంది. న్యాయస్థానం పలికిన సమానత్వం ఎంత పాటిదో ఆ పట్టికలోని గళ్లే చెబుతాయి. పిల్లవాడు తొక్కినది పుస్తకాన్ని కాదని అప్పుడు తెలుస్తుంది.

సాహిత్యం చెప్పే ఉపాధ్యాయుడు చరిత్ర కూడా చెప్పాలా? చెబితే ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? అమెరికా ఆంగ్లబోధనలో ఈ ప్రశ్న మీద చాలాకాలంగా వాదం నడుస్తున్నది. అక్కడ ఆంగ్లం చెప్పేవారు ఒకరు, సాంఘికశాస్త్రం చెప్పేవారు మరొకరు. ఇద్దరి పాఠ్యప్రణాళికలూ వేరు. ఎనిమిదవ తరగతి విద్యార్థి ఆంగ్లం గంటలో రెండవ ప్రపంచయుద్ధ కాలపు నాటకం చదువుతూ, సాంఘికశాస్త్రం గంటలో పంతొమ్మిదవ శతాబ్దపు అంతర్యుద్ధం దగ్గరే ఉండిపోవచ్చు. ఇద్దరు ఉపాధ్యాయులు కూడబలుక్కుని రెండింటినీ ఒకే కాలానికి తెచ్చే బడులు లేకపోలేదు. అయితే ఆ పొత్తు కుదరని చోట చరిత్ర చెప్పే భారం ఆంగ్ల ఉపాధ్యాయుని మీదనే పడుతుంది.

ఆ భారం అక్కరలేదని వాదించిన వారు సామాన్యులు కారు. క్లీన్త్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ అనే విమర్శకులు 1938లో ‘అండర్‌స్టాండింగ్ పొయెట్రీ’ అనే పుస్తకం ప్రకటించారు. అది కళాశాల విద్యార్థుల కోసం రాసినదైనా దాని పద్ధతి క్రమంగా కింది తరగతులకు కూడా దిగివచ్చింది. కవి జీవితం, ఆనాటి రాజకీయాలు వంటి వాటిని పక్కన ఉంచి, కవితను కవితగా, మాట మాటనూ పట్టిచూస్తూ చదవాలన్నది ఆ పద్ధతి సారాంశం. దానికొక కారణం ఉంది. అంతకుముందు తరగతి గదులలో కవిత్వం పేరిట జరిగినది చాలావరకు కవుల జననమరణ తేదీల పారాయణమే. పద్యం చదవకుండానే పద్యం గురించి పరీక్ష రాయగలిగే విద్యార్థులను తయారుచేసిన పద్ధతి అది. మన తరగతి గదులకు కూడా ఆ రోగం కొత్తది కాదు. అదే 1938లో లూయీజ్ రోజెన్‌బ్లాట్ అనే విదుషి ‘లిటరేచర్ యాజ్ ఎక్స్‌ప్లొరేషన్’ అనే గ్రంథంలో మరొక మార్గం చూపింది. అర్థం పుటలోనూ లేదు, పాఠకుడిలోనూ లేదు. రెండూ కలిసినప్పుడు పుడుతుందని ఆమె ప్రతిపాదించింది. ఆ మాట నిజమైతే పాఠకుడు తన వెంట ఏమి తెచ్చుకుంటాడన్నది ముఖ్యమవుతుంది.

పాఠకుని పూర్వజ్ఞానం అవగాహనను ఎంతగా శాసిస్తుందో 1988లో ప్రకటితమైన ఒక పరిశోధన చూపింది. డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల విద్యార్థులు 64 మందిని ఎంచుకున్నారు. వారిలో చదవడంలో దిట్టలూ ఉన్నారు, వెనుకబడినవారూ ఉన్నారు. రెండు వర్గాలలోనూ బేస్‌బాల్ ఆట బాగా తెలిసినవారు కొందరు, తెలియనివారు కొందరు. ఒక బేస్‌బాల్ ఆట వర్ణనను చదివించి, నమూనా మైదానం మీద బొమ్మలను కదుపుతూ జరిగినది చూపమన్నారు. ఆట తెలిసిన వెనుకబడిన విద్యార్థులు, ఆట తెలియని దిట్టల కంటె ఎంతో బాగా చేయగలిగారు. ఈ ఫలితం మనకు వింతగా తోచదు. తెలుగులో అచ్చుతప్పు లేకుండా చదవగల పెద్దమనిషి క్రికెట్ ఎరుగకపోతే, వార్తాపత్రికలోని ఆటల పుట అతనికి అయోమయంగానే ఉంటుంది. అక్షరాలన్నీ తెలుసు, మాటలన్నీ తెలుసు. గల్లీలో ఎవరు నిలబడ్డారో, ఎందుకు నిలబడ్డారో తెలియదు.

అయినా వాదం అంతటితో తీరలేదు. 2010లో ‘కామన్ కోర్’ అనే పేరుతో అమెరికాలోని పలు రాష్ట్రాలు ఉమ్మడి విద్యాప్రమాణాలను స్వీకరించినప్పుడు అది మళ్లీ రాజుకుంది. ఉపాధ్యాయుడు ముందుగానే సుదీర్ఘమైన ఉపోద్ఘాతం చెబితే విద్యార్థి పాఠాన్ని చదవడం మానివేసి ఉపాధ్యాయుని మాటలనే ఒప్పజెబుతాడని ఆ ప్రమాణాల రూపకర్తలు భయపడ్డారు. లింకన్ గెటిస్‌బర్గ్ ఉపన్యాసాన్ని ఏ పరిచయమూ లేకుండా విద్యార్థుల చేతికిచ్చి చదివించే నమూనా పాఠం ఒకటి అప్పట్లో ప్రచారమై, వాదోపవాదాలకు కారణమైంది.

ఆ ఉపన్యాసం 1863 నవంబరు 19న చేసినది. సుమారు 270 మాటలు మాత్రమే. మొదటి వాక్యంలోనే లింకన్ గడచిన సంవత్సరాల లెక్క ఒకటి చెబుతాడు. 1863లో నుండి ఆ 87 సంవత్సరాలు తీసివేస్తే 1776 వస్తుంది. అది స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన సంవత్సరం. తీసివేత విద్యార్థి స్వయంగా చేయగలడు, చేయనివ్వాలి కూడా. ఇంతవరకు పరిచయం వద్దన్నవారి మాట సబబే. కాని ఆ ఉపన్యాసం జరిగిన నేల మీద నాలుగు నెలల క్రితం, జూలై 1 నుండి 3 వరకు, మూడు రోజుల యుద్ధం జరిగిందనీ, రెండు పక్షాలలో కలిపి సుమారు 50,000 మంది చనిపోవడమో, గాయపడడమో, గల్లంతు కావడమో జరిగిందనీ, లింకన్ నిలబడినది ఆ యుద్ధవీరుల శ్మశానంలోననీ ఉపన్యాసపు మాటల నుండి పూర్తిగా రాబట్టలేడు. అంతటి మరణం ఎదుట అంత తక్కువ మాటలు పలకడంలోని గాంభీర్యం సంఖ్య తెలిసిన తరువాతనే అందుతుంది. కనుక వివాదం ‘చెప్పాలా, వద్దా’ అన్నదాని మీద కంటె, విద్యార్థి తానై కనుగొనగలిగినదేది, కనుగొనలేనిదేది అన్నదాని మీద నడిచి ఉంటే మేలుగా ఉండేది.

ఈ విషయం ఆన్ ఫ్రాంక్ దినచర్య విషయంలో మరింత స్పష్టంగా కనబడుతుంది. ఆన్ 1929 జూన్ 12న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జన్మించిన యూదు బాలిక. హిట్లర్ అధికారానికి వచ్చిన తరువాత ఆమె కుటుంబం హాలెండ్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి వలసపోయింది. 1940 మే నెలలో జర్మన్ సేనలు ఆ దేశాన్ని కూడా ఆక్రమించాయి. 1942లో పదమూడవ పుట్టినరోజు కానుకగా ఆమెకు ఒక నోటుపుస్తకం దొరికింది. అదే సంవత్సరం జూలై 6న ఆ కుటుంబం తండ్రి కార్యాలయ భవనపు వెనుకభాగంలో అజ్ఞాతవాసానికి వెళ్లింది. తరువాత మరి నలుగురు వచ్చి చేరగా మొత్తం ఎనిమిది మంది రెండేళ్లకు పైగా అక్కడే గడిపారు. 1944 ఆగస్టు 4న పట్టుబడ్డారు. ఆ ఎనిమిది మందిలో ప్రాణాలతో తిరిగివచ్చినవాడు తండ్రి ఆటో ఫ్రాంక్ ఒక్కడే. వారికి సాయపడిన మీప్ గీస్ అనే ఉద్యోగిని భద్రపరచి ఇచ్చిన దినచర్య 1947లో డచ్ భాషలో, 1952లో ఆంగ్లంలో వెలువడింది.

అమెరికా మిడిల్ స్కూళ్లలో చాలామంది పిల్లలకు పరిచయమైనది ఆ దినచర్య కాదు, దాని నాటక రూపం. ఫ్రాన్సెస్ గుడ్రిచ్, ఆల్బర్ట్ హాకెట్ అనే దంపతులు రాసిన ఆ నాటకం 1955 అక్టోబరు 5న న్యూయార్కులో ప్రదర్శితమై, 1956లో పులిట్జర్ బహుమతి పొందింది. ఎనిమిదవ తరగతి ఆంగ్ల వాచకాలలో అది దశాబ్దాలుగా చోటు చేసుకుంటూ వచ్చింది. మనుషుల మంచితనం మీద ఆన్ ప్రకటించిన నమ్మకంతో ఆ నాటకం ముగుస్తుంది. తెరపడేసరికి పిల్లల మనస్సులలో మిగిలేది ఆ ఆశే.

ఆ వాక్యాన్ని ఆన్ తన దినచర్యలో రాసిన తేదీ 1944 జూలై 15. అప్పటికి ఆమె ఇంకా దాగి ఉన్నది. పట్టుబడడానికి ఇరవై రోజుల వ్యవధి ఉంది. అదే రోజు రాతలో, ప్రపంచం క్రమంగా అడవిలా మారిపోవడం చూస్తున్నాననీ, తమను నాశనం చేయబోయే ఉరుము దగ్గరపడుతున్నదనీ కూడా ఆమె రాసింది. సెప్టెంబరు 3న ఆష్‌విట్జ్ శిబిరానికి బయలుదేరిన రైలులో ఆ ఎనిమిది మందీ ఉన్నారు. వెస్టర్‌బార్క్ నుండి ఆ శిబిరానికి వెళ్లిన చివరి రైలు అది. 1945 తొలి నెలలలో బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో ఆన్, ఆమె అక్క మార్గో మరణించారు. ఏప్రిల్ 15న బ్రిటిష్ సేనలు ఆ శిబిరాన్ని విడిపించాయి. హాలెండ్ నుండి తరలించిన యూదులు సుమారు 1,07,000 మంది. తిరిగివచ్చినవారు సుమారు 5,000 మంది.

ఈ తేదీలు లేకుండా నాటకం చదివిన విద్యార్థి ఆన్ తన నమ్మకాన్ని అన్నీ చూసిన తరువాత ప్రకటించిందని భ్రమపడతాడు. ఆ శిబిరాలు చూసిన తరువాత ఆమె ఏమి రాసి ఉండేదో ఎవరికీ తెలియదు. ఆమె చేతిలో అప్పుడు కలం లేదు. ఇక్కడ చరిత్ర సాహిత్యానికి అలంకారంగా రావడం లేదు. నాటకకర్తలు వాక్యాన్ని ఉన్నచోటు నుండి తీసి చివర పెట్టడంలో ఏమి సాధించారో, ఏమి పోగొట్టారో చూపుతున్నది. అది నాటకశిల్పానికి సంబంధించిన ప్రశ్న. ఆంగ్ల ఉపాధ్యాయుడు కాక మరెవరు అడుగుతారు? 1997లో వెండీ కెసెల్‌మన్ ఆ నాటకాన్ని సవరించినప్పుడు, తొలి రూపంలో పలచబడిన యూదు జీవితానికి హెచ్చుగా చోటు కల్పించింది.

చెప్పే సమయం గురించి కూడా ఈ దినచర్య ఒక పాఠం నేర్పుతుంది. మరణశిబిరాల వృత్తాంతమంతా మొదటిరోజే చెప్పివేస్తే, తల్లితో పోట్లాడే, సినిమా తారల బొమ్మలు గోడకు అతికించుకునే, పీటర్ గురించి కలలు కనే బాలిక విద్యార్థులకు కనబడదు. చనిపోబోయే వ్యక్తి మాత్రమే కనబడుతుంది. అసలేమీ చెప్పకపోతే యూదు పిల్లలు సైకిలు ఎక్కరాదనీ, ట్రాములో ప్రయాణించరాదనీ, పసుపుపచ్చని నక్షత్రం ధరించాలనీ ఆమె రాసిన నిషేధాల జాబితా వింత నియమాల పట్టికలా తోస్తుంది. అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు ఆక్రమణ వరకు జరిగిన చరిత్రను ముందు చెప్పి, నిషేధాల దగ్గర ఆగి ఆనాటి ఉత్తర్వులు చూపి, తక్కిన దానిని దినచర్య ఆగిపోయినచోట చెబుతారు. 1944 మార్చి 28న లండన్ నుండి జరిగిన రేడియో ప్రసారంలో డచ్ మంత్రి ఒకరు, ప్రజలు యుద్ధకాలపు ఉత్తరాలనూ దినచర్యలనూ భద్రపరచాలని కోరాడు. అది విన్న ఆన్ తన రాతలను మళ్లీ మొదటి నుండి తిరగరాయడం ప్రారంభించింది. ఈ చిన్న సంగతి తెలిసిన పిల్లలు ఆమెను రహస్యాలు రాసుకున్న బాలికగా కాక, పాఠకుల కోసం వాక్యాలు దిద్దుకున్న రచయిత్రిగా చూస్తారు.

కల్పన చరిత్రను ఎలా మలచుకుంటుందో పరిశీలించడం కామన్ కోర్ ప్రమాణాలలో ఏడవ తరగతి సాహిత్య పఠనంలోనే చేరింది. ఒక కాలాన్ని గాని, స్థలాన్ని గాని, వ్యక్తిని గాని కల్పనలో చిత్రించిన తీరునూ, అదే కాలపు చరిత్ర రచననూ పోల్చిచూడాలని అది కోరుతుంది. దానికి క్రిస్టఫర్ పాల్ కర్టిస్ 1995లో ప్రకటించిన ‘ది వాట్సన్స్ గో టు బర్మింగ్‌హామ్ – 1963’ నవల చక్కగా ఒదుగుతుంది. తొలి అధ్యాయాలలో కడుపుబ్బ నవ్వించే ఆ కుటుంబ కథ, 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్‌లోని ఒక నల్లవారి చర్చిలో జరిగిన బాంబు పేలుడు దగ్గరకు చేరుతుంది. ఆ పేలుడులో నలుగురు బాలికలు మరణించారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకరికి పదకొండు. నిందితులలో ఒకనికి 1977లో, మరి ఇద్దరికి 2001, 2002 సంవత్సరాలలో శిక్ష పడింది. హాస్యం చదివి నవ్విన విద్యార్థి ఈ తేదీల మధ్య దూరాన్ని లెక్కపెట్టుకుంటే, నవలలో చెప్పని కథ ఒకటి అతనికి తెలుస్తుంది.

ఆచరణలో ప్రమాదాలు లేకపోలేదు. ఉత్సాహం మించిన కొందరు ఉపాధ్యాయులు తరగతిలో పిల్లలను బానిసలుగానో శిబిర ఖైదీలుగానో నటింపజేస్తారు. అటువంటి అనుకరణలు వద్దని వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియం స్పష్టంగా సూచించింది. అరగంట నటించి ఆ బాధ తెలిసిందనుకోవడం బాధితులకు అన్యాయమే. నవలను చరిత్ర పుస్తకానికి అనుబంధంగా మార్చివేయడం మరొక దోషం. అప్పుడు మళ్లీ తేదీల పారాయణమే మిగులుతుంది.

రచయితే స్వయంగా నేపథ్యాన్ని అందించిన సందర్భాలు కూడా ఉన్నాయి. మన కావ్యాలలోని అవతారికలు చేసిన పని కొంతవరకు అదే. ఆధునిక కాలంలో గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయినప్పుడు, నాటకానికి ఆంగ్లంలో పీఠిక రాస్తూ, విశాఖపట్నం జిల్లాలో మూడు సంవత్సరాలలో నమోదైన శుల్క వివాహాల సంఖ్య 1,034 అని పేర్కొన్నాడు. ఆ సంఖ్యతో కలిపి చదివితే లుబ్ధావధాన్లు నవ్వు పుట్టించే ముసలివాడు మాత్రమే కాడు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు పైన చెప్పిన ఆంగ్ల నవలలను ఇంటికి తెచ్చుకుని చదువుతున్నప్పుడు, అక్కడి చరిత్రతో పరిచయం లేని తల్లిదండ్రులు ఆ పిల్లలతోపాటే దానిని నేర్చుకోవలసి వస్తుంది. అయితే మిసిసిపీలో భూస్వామి నేలను పంటలో పాలుకు సేద్యం చేసి, విత్తనాలకూ తిండిగింజలకూ కొట్టులో అప్పుచేసి, పంట చేతికి వచ్చేసరికి అప్పే మిగిలే రైతు కథ ఏ తెలుగు పల్లెవారికీ విడమరచి చెప్పనక్కరలేదు.

టేలర్ నవలలోని పిల్లవాడి తల్లి మేరీ లోగన్ కూడా ఉపాధ్యాయినే. ఆ కుటుంబానికి నాలుగు వందల ఎకరాల సొంత నేల ఉంది. పత్తి ధర పడిపోయినందువల్ల తండ్రి దూరదేశంలో రైలుమార్గపు పనికి వెళ్లి, ఆ నేలను నిలుపుకోవడానికి డబ్బు పంపుతూ ఉంటాడు. తల్లి జీతం కూడా ఆ ఇంటికి అవసరమే. కుమారుడు తొక్కిన పుస్తకం సంగతి తెలిసిన మేరీ అతనిని కోప్పడదు. కత్తెర, జిగురు తెచ్చి, లోపలి అట్ట మీది పట్టిక కనబడకుండా కాగితం అతికిస్తుంది. తరువాత ఒకనాడు ఆమె ఏడవ తరగతి పిల్లలకు బానిసత్వం గురించి పాఠ్యపుస్తకంలో లేని సంగతులు బోధిస్తున్న సమయంలో పాఠశాల మండలి సభ్యులు తరగతిలో అడుగుపెడతారు. ఆ సంగతులు పుస్తకంలో ఎందుకు లేవని అడుగుతారు. కొద్దిసేపటిలో ఆమె ఉద్యోగం పోతుంది.

నవలను చదివించే ఉపాధ్యాయులకు ఈ అధ్యాయం కొంత ఇబ్బందికరమైనది. అక్కడ బోనులో నిలబడినది వారి వృత్తే. 2021లో టెనెస్సీ, ఓక్లహోమా, టెక్సాస్ వంటి రాష్ట్రాలు జాతివివక్షను గూర్చి బడులలో బోధించే తీరు మీద ఆంక్షలు విధిస్తూ చట్టాలు చేశాయి. 2022 జనవరిలో టెనెస్సీలోని ఒక కౌంటీ పాఠశాల మండలి, యూదుల ఊచకోతను చిత్రించిన ‘మౌస్’ అనే బొమ్మల పుస్తకాన్ని ఎనిమిదవ తరగతి ఆంగ్ల పాఠ్యప్రణాళిక నుండి తొలగించింది. అందులోని కొన్ని తిట్లూ, ఒక నగ్నచిత్రమూ అభ్యంతరకరమన్నారు. ఆ పుస్తకకర్త ఆర్ట్ స్పీగెల్‌మన్‌కు 1992లో పులిట్జర్ సంస్థ ప్రత్యేక పురస్కారం ఇచ్చింది. తొలగింపు వార్త వెలువడిన కొద్దిరోజులకే ఆ పుస్తకం దేశమంతటా మళ్లీ విరివిగా అమ్ముడుపోయింది. కొన్నవారిలో ఎనిమిదవ తరగతి పిల్లల తల్లిదండ్రులు ఎందరో, ఆ పుస్తకాన్ని పిల్లల పక్కన కూర్చుని చదివి, 1944లో ఏమి జరిగిందో చెప్పినవారు ఎందరో ఏ పట్టికలోనూ నమోదు కాలేదు.